బొమ్మకో దారి, సౌండుకో దారి

కర్నూలు పాతబస్తీలో చాలా ఏళ్లు రేడియో, టీవీ రిపేరు కొట్టు నడిపి, సోల్డరింగు చేసేటప్పుడు కళ్లు ఆనడం లేదని మూసేసిన వాణ్ణి. కొట్టు మూసినా జనం మూయనివ్వరు. ఎవరో ఒకరు పాత వీడియో డెక్కు చంకలో పెట్టుకుని ఇంటికే వస్తుంటారు. మొన్న కడపలో ఉండే మేనల్లుడు యాభై ఐదు అంగుళాల టీవీ కొన్నాడు. ఎవరో అమ్మేస్తుంటే పాత హోమ్ థియేటర్ రిసీవర్ కూడా తెచ్చుకున్నాడు. తన పెళ్లి క్యాసెట్టు పెట్టి, పొద్దున్నుంచి కుస్తీ పట్టి, సాయంత్రానికి ఫోన్ చేశాడు. “మామా, సౌండు వస్తాంది గానీ బొమ్మ రాలే.” మరుసటి రోజు నంద్యాల, మైదుకూరు మీదుగా బస్సులో పోయినాను. పని పది నిమిషాలే. ఆ పది నిమిషాల వెనకున్న పాఠాలు మాత్రం ఒక జీవితంలో నేర్చుకున్నవి. రాసి పెడితే ఇంకొకరికి బస్సు చార్జీ మిగులుతుందని ఇది.

1. ముందు వెనక వైపు చూడండి.
అందరూ ముందున్న బటన్లు నొక్కుతారు. అసలు సంగతంతా వెనకే ఉంటుంది. ప్రతి రంధ్రం పక్కన ఔట్ అనో ఇన్ అనో రాసి ఉంటుంది. సుంకేసుల దగ్గర బయల్దేరిన కేసీ కాలువ నీళ్లు కడప దాకా పారాలంటే ఏ తూము ఎటు తెరవాలో తెలియాలి కదా, ఇదీ అంతే. డెక్కు ఔట్‌లోంచి బయల్దేరింది ఇంకొకదాని ఇన్‌లోకే పోవాలి. ఔట్‌కి ఔట్ తగిలించి “మిషను పొయ్యింది” అని తెచ్చినవాళ్లను ఎందరినో చూశాను. విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. మా కాలంలో ఆ సౌకర్యం లేక సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మ గీసుకునేవాళ్లం.

2. ఎర్ర పిన్నులన్నీ ఒకటి కావు.
పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ సౌండుకు, ఎరుపు కుడి సౌండుకు. ఇంతవరకు అందరికీ తెలుసు. డీవీడీ ప్లేయర్ల వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని ఇంకో మూడు ఉంటాయి. ఆ ఎరుపు బొమ్మలో భాగం, సౌండు కాదు. కొన్ని టీవీల్లో చోటు కలిసొస్తుందని పసుపుకూ ఆకుపచ్చకూ ఒకే రంధ్రం పెట్టారు. అక్కడ పసుపు పిన్ను పెట్టి మెనూలో ఏవీ అని ఎంచుకోకపోతే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. “రంగు ట్యూబు పొయ్యింది” అని, నేను పోయి బొమ్మ తెప్పించాక, మా మేనల్లుడు తీర్పు చెప్పింది దీన్ని చూసే. ఎల్‌ఈడీ టీవీలో రంగు ట్యూబు యాడిది నాయనా!

ఇంకో చిక్కు. కొత్త టీవీల్లో మూడు రంధ్రాలకు బదులు హెడ్‌ఫోను లాంటి ఒకే చిన్న రంధ్రం ఉంటుంది. దానికి పెట్టే వైరు కంపెనీకో రకం. బయట కొన్న వైరు పెడితే బొమ్మ అదురుతూ, స్పీకర్లో బుర్రుమంటుంది. అప్పుడు పసుపు పిన్నునూ ఎర్ర పిన్నునూ మార్చి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

3. అన్నిటినీ రిసీవర్లోంచి పంపాలనుకోకండి.
మేనల్లుడి ఇంట్లో జరిగిన అసలు తప్పు ఇదే. డెక్కు పసుపు వైరు రిసీవర్‌కి పెట్టాడు, రిసీవర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ ఒక్కటే లాగాడు. ఆ తరం రిసీవర్లలో చాలావాటికి పసుపు దారిలో వచ్చిన బొమ్మను హెచ్‌డీఎంఐలోకి మార్చే శక్తి లేదు. పసుపులో వచ్చింది పసుపులోనే బయటికి పోతుంది. ఆ తర్వాత మార్చగలిగేవి వచ్చాయి. మరీ కొత్తవాటిలో పాత రంధ్రాలే తగ్గించేశారు. కాబట్టి నా పద్ధతి ఒక్కటే: బొమ్మను డెక్కు నుంచి నేరుగా టీవీకి పంపండి, సౌండును మాత్రం రిసీవర్‌కి పంపండి. బొమ్మకో దారి, సౌండుకో దారి.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. కొత్త టీవీ పాత బొమ్మను తన కొలతకు సాగదీసుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. సౌండు ఆగదు. పెళ్లి క్యాసెట్లో పురోహితుడి పెదవి కదలక ముందే మంత్రం వినపడుతుంది. రిసీవర్ మెనూలో ఆడియో డిలే అని ఉంటుంది. పెదవీ మాటా కలిసేదాకా దాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి. అది లేకపోతే సౌండును కూడా టీవీకే పెట్టి, టీవీ నుంచి ఆప్టికల్ వైరుతో రిసీవర్‌కి తేవచ్చు.

4. డీవీడీని డెక్కులోంచి పంపకండి.
ఒకప్పుడు టీవీకి ఒకటే ఏవీ రంధ్రం ఉండేది. మనవాళ్లు డీవీడీని డెక్కుకూ, డెక్కును టీవీకీ గొలుసులా కట్టేవాళ్లు. సినిమా డిస్కు పెడితే బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉండేది. అది రిపేరు కాదు. కాపీ చేయకుండా డిస్కులకు పెట్టిన మాక్రోవిజన్ అనే తాళం, డెక్కును తికమక పెట్టడానికే ఉన్నది. దీనికి డబ్బు తీసుకున్న మెకానిక్కులను నేనెరుగుదును.

5. చిన్న డబ్బా కొనేటప్పుడు పేరు చదవండి.
పాత రంధ్రాలు అసలే లేని టీవీకి ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా కావాలి. అచ్చం అలాగే ఉండే హెచ్‌డీఎంఐ టు ఏవీ డబ్బా కూడా అమ్ముతారు. అది దీనికి తలకిందులు. మనకు కావలసిన ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బాకు కరెంటు వైరు కూడా పెట్టాలి, మరిచిపోకండి. బొమ్మ రాగానే టీవీలో 4:3 కొలత పెట్టండి. లేకపోతే పెళ్లికొచ్చిన చుట్టాలందరూ ఒక్కరోజులో లావెక్కినట్టు కనపడతారు. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. మన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, అందులో కనపడేవి 576. వీహెచ్‌ఎస్ టేపులో అడ్డంగా పట్టే వివరం అంతకన్నా చాలా తక్కువ. దాన్ని ఎనభై లక్షల చుక్కల 4కే తెర మీద పరిస్తే పాత డబ్బా టీవీలో కంటే అధ్వాన్నంగానే ఉంటుంది. ఉన్న మాట చెప్తున్నా.

6. డీవీడీకి మాత్రం మంచి సౌండు అడిగి తీసుకోండి.
వీడియో క్యాసెట్టులో, వీసీడీలో ఉండేది రెండు చానెళ్లే. రిసీవర్లో ప్రోలాజిక్ పెడితే ఉన్నదాన్ని చుట్టూ పంచుతుంది. డీవీడీలో నిజంగా 5.1 ఉంటే ఎర్ర, తెల్ల వైర్లతో అది రాదు. ఆప్టికల్‌తో గానీ, కోయాక్సియల్ అనే రంధ్రంతో గానీ కలపాలి. ప్లేయర్ మెనూలో పీసీఎం తీసేసి బిట్‌స్ట్రీమ్ పెట్టాలి.

7. గల్ఫ్ మిషను వేరు, అమెరికా మిషను వేరు.
రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు ఒకప్పుడు తెచ్చిన డెక్కులతోనే మన పల్లెలు రంగు సినిమా చూసినాయి. జాతర వచ్చిందంటే టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి, రాత్రంతా మూడు సినిమాలు వేయించేవాళ్లు. కువైట్‌లోనూ పాల్ పద్ధతే, కరెంటూ మనలాంటిదే. అందుకే ఆ డెక్కులు ఇక్కడ హాయిగా ఆడినాయి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, బొమ్మ ఎన్‌టీఎస్‌సీ. అక్కడి నుంచి తెచ్చిన ఒక రిసీవర్‌ను నేనే, వెనక రాసింది చదవకుండా, కొట్లో నేరుగా ప్లగ్గులో పెట్టినాను. టప్‌మని ఒక చప్పుడు, వీధి చివరిదాకా కమురు వాసన. దాన్ని తెచ్చినాయనకు నా డబ్బుతో ట్రాన్స్‌ఫార్మర్ కొనిచ్చి, రెండు నెలలు రిపేరు చేసి ఇచ్చినాను. అప్పటినుంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అన్న మాట వినపడకుండా అమెరికా మిషను ముట్టుకోలేదు.

8. బుర్రుమనే సౌండుకు మందు మట్టిలో ఉంది.
దీన్ని కొంచెం నిదానంగా చెప్పనివ్వండి, మన సీమలో ఇదే పెద్ద జబ్బు. వైర్లన్నీ సరిగా పెట్టినా స్పీకర్లలో సన్నగా హమ్ వస్తుంటుంది. పిన్ను పట్టుకుంటే వేలికి జివ్వుమంటుంది. మొదట కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. హమ్ ఆగిందంటే అది బయటినుంచి తెచ్చిన ఎర్తుకూ మీ ఇంటి ఎర్తుకూ పొత్తు కుదరలేదని లెక్క. ఆగలేదంటే మీ ఎర్తు చూడండి. మాఘం దాటితే నంద్యాల, కోయిలకుంట్ల నల్లరేగడి నెర్రెలిచ్చుకుంటుంది. కడప చుట్టూ గరుసు నేలల్లో తేమ జాడే ఉండదు. ఎండిన మట్టిలో కరెంటు దిగదు. గుంతలో పైపు పాతి, చుట్టూ బొగ్గులు, ఉప్పు వేసి కప్పేది అందుకే. కప్పాక మరిచిపోతారు. మా ఇంట్లో ఎండాకాలం రెండు రోజులకొకసారి ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోస్తాం. తులసికోటకు పోసినట్టే. మా ఆవిడ నవ్వేది, తర్వాత ఆమే పోయడం మొదలుపెట్టింది.

హమ్ పోవాలని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. న్యూట్రల్‌నే ఎర్తు రంధ్రానికి కలిపేసే వైరింగువాళ్లూ ఉన్నారు. రెండోది మరీ ప్రమాదం. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే మిషను రేకు మొత్తం కరెంటవుతుంది. సౌండు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

9. రిసీవర్‌కు గాలి కావాలి.
మన ఇళ్లలో గోడలోనే కడప బండలు పరిచి అరలు కడతారు. చూడ్డానికి బాగుంటుంది. ఆ అరలో రిసీవర్ దోపి, పైన డెక్కు, దానిపైన ప్లాస్టిక్ పూలు. బయట నలభై మూడు డిగ్రీలు, లోపల రిసీవర్ వేడి. పైన జానెడు ఖాళీ వదలండి. దాని మీద ఏదీ పెట్టకండి, ముఖ్యంగా క్యాసెట్లు.

10. తడిసిన క్యాసెట్టును ఎండబెట్టకండి.
2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. నా కొట్లో నీళ్లు పైఅర దాకా వచ్చాయి. జనం రిపేరుకు, కాపీకి ఇచ్చిన పెళ్లిళ్ల క్యాసెట్లన్నీ బురదలో మునిగినాయి. నీళ్లు తీసినాక కంగారులో అన్నిటినీ మిద్దె మీద ఎండలో పరిచినాను. తప్పు చేసినాను. డబ్బాలు వంకర పోయినాయి, బురద టేపుకు అట్టగట్టింది. మంచినీళ్లతో, దొరికితే డిస్టిల్డ్ వాటర్‌తో, బురద పోయేదాకా కడిగి, నీడలో చల్లగాలికి ఆరనిచ్చి ఉంటే చాలావరకు బతికేవని తర్వాత తెలిసింది. కొందరికి ఇప్పటికీ నేను ముఖం చూపించలేను.

తడవని క్యాసెట్టుకైనా బూజు పడుతుంది. కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లగా కనపడిందంటే డెక్కులో పెట్టకండి. హెడ్డు చెడుతుంది, ఆ బూజు తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ అంటుకుంటుంది. బూజు లేకపోతే ముందు చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే నొక్కండి. హెడ్డు తుడవాలంటే దూదిపుల్ల వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం హెడ్డుకు ఆనించి పట్టుకుని, డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. కిందికీ పైకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది.

11. మొదటిసారి ఆడేటప్పుడే రికార్డు చేసుకోండి.
రెండోసారి ఆడుతుందని రాసిచ్చేవాళ్లు లేరు. మేనల్లుడి క్యాసెట్టు మేమిద్దరం చూస్తుండగానే తాళికట్టే ఘట్టం దాటాక టేపు నలిగింది. ముందే చిన్న క్యాప్చర్ డబ్బా పెట్టి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాం కాబట్టి అక్కడిదాకా దక్కింది.

వీడియో డెక్కులు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్ ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఇక కొత్తది రాదు. మీ అటక మీద ఆడే డెక్కు ఉంటే పాత ఇనుము బండికి వేయకండి. మీకు అక్కర లేకపోయినా, క్యాసెట్టు దాచుకుని డెక్కు లేనివాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడిగి ఇవ్వండి.