మెట్ట తాబేలు మేత

తొలకరి పడి నేల చల్లబడింది. కృష్ణగిరి జిల్లాలోని ఒక పల్లెలో, వేరుశనగ చేనుగట్టున, గుండ్రని రాయి ఒకటి కదిలినట్లు ఒక పిల్లవాడికి తోచింది. దగ్గరకు వెళ్ళి చూస్తే అది తాబేలు. నల్లని డిప్పమీద పసుపుపచ్చని గీతలు. ఒక్కొక్క బొడిపె నడుమనుండి ఆ గీతలు నక్షత్రకిరణాలవలె నలువైపులా విచ్చుకొని ఉన్నాయి. పిల్లవాడు దానిని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చి, గంపకింద మూసి, పళ్ళెంలో పాలన్నం పెట్టాడు.

తాబేలు మెతుకు ముట్టలేదు. మరునాడు బిస్కెట్టు పెట్టారు. వాసన చూసి ముఖం తిప్పుకొంది. అరటిపండు పెడితే కొరికింది. అది తింటున్నదికదా అని పిల్లవాడు రెండు రోజులు అరటిపండే పెట్టాడు. నాలుగవనాటికి దానికి విరేచనాలు పట్టుకొన్నాయి. కళ్ళు మూసుకొని మూలన పడి ఉంది.

“నీళ్ళలో తిరిగే జీవి కదరా, నీళ్ళు లేకనే ఇట్లా అయింది. బావిలో వదిలెయ్యి” అంది అవ్వ.

తాత అడ్డుపడ్డాడు. “అది మెట్ట తాబేలే. గొర్రెలు కాసే రోజుల్లో కంపల్లో ఎన్నిటిని చూడలేదు! బావిలో వేస్తే మునిగి చస్తుంది.”

తాత మాట నిజం. మనం తాబేలు అన్న ఒక్క మాటతోనే వేరువేరు జీవులను పిలుస్తాము. గంజాం తీరాన ఋషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఇసుకలో గుడ్లు పెట్టేవి సముద్రపు తాబేళ్ళు. వాటి కాళ్ళు తెడ్లవలె ఉంటాయి. చెరువు తాబేళ్ళకు వేళ్ళ నడుమ పలుచని తోలు ఉంటుంది. మెట్ట తాబేలు కాళ్ళు ఏనుగు కాళ్ళవలె బండగా, స్తంభాలవలె ఉంటాయి. దానికి ఈత రాదు. పుణ్యమని తలచి దీనిని చెరువులోనో బావిలోనో వదిలేవారు తెలియక దాని ప్రాణం తీస్తున్నారు.

ఈ నక్షత్ర తాబేలు ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడులలోని మెట్టభూములలోను, గుజరాత్, రాజస్థాన్‌లలోను, శ్రీలంకలోను ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయ ప్రాంగణంలో కూడా వీటిని చూడవచ్చు. ఉదయం, సాయంత్రం మేస్తుంది. ఎండ ముదిరితే పొదకిందికి చేరుతుంది. నడివేసవిలో మేత బాగా తగ్గించి ఒకచోట పడి ఉంటుంది. అది రోగం కాదు, దాని స్వభావం.

పిల్లవాడి తండ్రి పశువుల డాక్టరుగారిని పిలుచుకొని వచ్చాడు. ఆయన ముందుగా పళ్ళెం తీయించాడు. వెడల్పాటి తట్టలో గోరువెచ్చని నీళ్ళు, మెడ మునగనంత మాత్రమే పోయించి, తాబేలును అందులో కొంతసేపు ఉంచాడు. తరువాత ఎండా నీడా రెండూ ఉన్న చోట వదలమన్నాడు.

“దీనికి పళ్ళు లేవు. చిలుక ముక్కువంటి నోటితో గడ్డిని తుంచి మింగుతుంది” అని ఆయన చెప్పాడు. “మింగిన పీచును పేగులోని సూక్ష్మజీవులు మెల్లగా పులియబెట్టి అరిగిస్తాయి. ఆ సూక్ష్మజీవులకు కావలసింది పీచు. తీపి ఎక్కువైతే కడుపు చెడుతుంది. మీరు ప్రేమతో పెట్టిన అరటిపండే దీన్ని పడగొట్టింది.”

మేతలో పదిపాళ్ళకు తొమ్మిది పాళ్ళు గడ్డి, ఆకులు ఉండాలి. ఇవి కొనవలసినవి కావు. గరిక అన్నిటికంటె మేలు. పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకు, మందారం ఆకు, పువ్వు, గుమ్మడి ఆకు, చిలగడదుంప తీగ ఆకు పెట్టవచ్చు. నాగజెముడు మట్టలను ముళ్ళు తీసి, ముక్కలు కోసి పెడితే ఇష్టంగా తింటుంది. మునగాకు కొద్దిగా కలపవచ్చు. మందు కొట్టిన చేనిలోని ఆకు మాత్రం పెట్టరాదు. గన్నేరు, ఉమ్మెత్త విషం. వాటి దరికి పోనీయరాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనకు బలమని తినే పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర తాబేలుకు రోజువారీ మేతగా పనికిరావు. వీటిలోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసిపోయి, దానిని ఒంటికి పట్టనీయదు. తాబేలుకు కాల్షియం చాలా ముఖ్యం. దాని డిప్ప మనం తొడుక్కొనే చొక్కావంటిది కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన ఎముక. కాల్షియం చాలకపోతే డిప్ప మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. అందుకే కోడిగుడ్డు పెంకు పొడిచేసి ఆకుమీద చల్లుతారు. సముద్రతీరాన దొరికే తెల్లని ‘సముద్రపు నురుగు’ కూడా పెడతారు. పేరుకు నురుగే గాని, అది ఒక సముద్రజీవి లోపలి పెంకు. పెంకు ఎంత పెట్టినా ఎండ తగలకపోతే ఫలితం లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలవల్ల ఒంట్లో డి విటమిన్ తయారైతేనే కాల్షియం ఎముకకు చేరుతుంది. గంపకింద మూసిన తాబేలుకు ఆ దారి మూసినట్లే.

ఇదంతా విని పిల్లవాడి ముఖం వెలిగింది. “అయితే నేను రోజూ గరిక తెస్తాను సార్, దీన్ని పెంచుకొంటాను” అన్నాడు.

“మేత తేవడం నీ చేతిలో ఉంది. పెంచుకోవడం మాత్రం కుదరదు” అన్నాడు డాక్టరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరం. అందమైన డిప్పకోసం, ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న నమ్మకంకోసం వీటిని పట్టి, గుడ్డల్లో చుట్టి, పెట్టెల్లో కుక్కి విదేశాలకు దొంగచాటుగా పంపుతున్నారు. దారిలో మేతా నీళ్ళూ ఉండవు. 2018 నవంబరులో సింగపూరునుండి 51 నక్షత్ర తాబేళ్ళను విమానంలో కర్ణాటకకు తిరిగి తెచ్చారు. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని దేశాలన్నీ కలిసి నిషేధించాయి.

డాక్టరుగారు అటవీశాఖ వారికి కబురుచేశాడు. వారు వచ్చేవరకు రెండు రోజులు పిల్లవాడు తెల్లవారుజామునే లేచి గరిక కోసి తెచ్చాడు. మొదటి పూట తాబేలు కదలలేదు. రెండవ పూట మందారపువ్వు చూసి మెడ చాచింది. అటవీశాఖ ఉద్యోగి దానిని తీసుకొని వెళ్తూ, ఏ గట్టుమీద దొరికిందని అడిగి రాసుకొన్నాడు. పిల్లవాడు తాను కోసిన గరిక మోపును కూడా బండిలో పెట్టాడు.

అభ్యాసం

1. అవ్వ మాట విని ఉంటే ఏమి జరిగేది? ఎందువల్ల?
2. గోంగూర మనకు మంచిది, తాబేలుకు ఎందుకు కాదు?
3. పిల్లవాడు తాబేలును ఇంట్లోనే ఉంచుకొంటానని పట్టుబట్టి ఉంటే తాత ఏమని చెప్పి ఉండేవాడు? సంభాషణ రాయండి.
4. పాఠంలోని ఆకులను, గడ్డిని మీ ఊరిలో ఏ పేర్లతో పిలుస్తారు? ఇంట్లోని పెద్దలను, ఇరుగుపొరుగు భాషలవారిని అడిగి పట్టిక తయారుచేయండి.