స్క్రాచ్ కార్డులో కారు

ప్రశ్న: పాశమైలారంలో ఫ్యాక్టరీ కార్మికుణ్ని. ఆన్‌లైన్‌లో చీర కొన్న కొన్నాళ్లకు పోస్టులో స్క్రాచ్ కార్డు వచ్చింది. గీకితే రూ.12 లక్షల కారు! ముందు టాక్సు కింద రూ.12,000 పంపమంటున్నారు. పంపవచ్చా?

జవాబు: ఒక్క రూపాయి కూడా పంపకండి, ఇది మోసం. ఆర్డర్లు ఇచ్చినవాళ్ల వివరాలు బయటికి పొక్కి ఇలాంటివాళ్ల చేతిలో పడతాయి. కవరు మీద మీ పేరు, ఇంటి నంబరు తప్పులేకుండా ఉన్నది అందుకే. పోస్టుమ్యాన్ తెచ్చాడు కదా అనుకోవద్దు, లోపలున్న కాగితానికి తపాలా శాఖ పూచీ లేదు.

లాటరీ బహుమతులపై 30 శాతం పన్ను ఉన్నమాట నిజమే. ఆ నిజాన్నే ఎర వేస్తారు. నగదైతే ఇచ్చేవాళ్లే పన్ను పట్టుకుని మిగతాది ఇవ్వాలి. కారులాంటిదైతే పన్ను మీ పాన్ మీద ప్రభుత్వ ఖాతాకు చేరాలి, ఎవరి ఫోన్ నంబరుకో కాదు. ఇప్పుడు కడితే రేపు రిజిస్ట్రేషన్, ఎల్లుండి ఇన్సూరెన్స్ అంటారు. నెల జీతం పోయాక ఫోన్ ఎత్తరు.

ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పంపొద్దు. ఓటీపీ చెప్పొద్దు. కార్డుపై ఉన్న నంబరుకు ఫోన్ చేయకుండా, మీరు చీర కొన్న యాప్‌లోని కస్టమర్ కేర్‌నే అడగండి. కవరు దాచండి.

ఇప్పటికే పంపి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. త్వరగా చెబితే డబ్బు ఆపే వీలుంటుంది. తర్వాత కవరు, రసీదులతో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.