పక్క ఊరు లేని పక్షి



మన ఊరి చెరువు ఎండితే కొంగలు పక్క ఊరి చెరువుకు పోతాయి. అలా పోవడానికి పక్క ఊరే లేని పక్షి ఒకటి మన దేశంలో ఉంది. దాని పేరు నార్కొండం హార్న్‌బిల్.

దీవి ఎక్కడుంది?

ఉత్తర అండమాన్‌కు తూర్పున, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో నార్కొండం దీవి ఉంది. అది సముద్రంలో నుండి లేచిన అగ్నిపర్వతం. ఇప్పుడు నిద్రాణ స్థితిలో ఉంది. ఎత్తు 710 మీటర్లు. విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్ల లోపే. అంతటా దట్టమైన అడవి. అక్కడ కోకిలలు, పావురాలు, కొండ గోరువంకలు కూడా ఉన్నాయి. అయితే అవి వేరే చోట్ల కూడా కనిపిస్తాయి. ఈ హార్న్‌బిల్ మాత్రం ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇటీవలి అంచనా ప్రకారం వీటి సంఖ్య సుమారు వెయ్యి.

ఎలా ఉంటుంది?

దీని ముక్కు పెద్దది. మగపక్షి తల, మెడ ఇటుక రంగులో ఉంటాయి. ఆడపక్షికి అవి నల్లగా ఉంటాయి. రెండింటి తోక తెలుపే. 1873లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు ఎ.ఓ. హ్యూమ్. 1885లో కాంగ్రెస్ స్థాపన పాఠంలో మనం చదివే హ్యూమ్ ఈయనే!

ఎలా బ్రతుకుతుంది?

గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలో చేరి, సన్నని సందు వదిలి ద్వారం మూసుకుంటుంది. మగపక్షి ఆ సందులో నుండే పండ్లు అందిస్తుంది. మర్రి, మేడి జాతుల పండ్లు వీటికి ముఖ్య ఆహారం. తిన్న పండ్ల గింజలు అడవంతా పడి మొలకెత్తుతాయి. అంటే చెట్టు పక్షిని సాకుతుంది, పక్షి చెట్టును నాటుతుంది.

ముప్పు ఎలా వచ్చింది?

1969లో దీవిలో పోలీసు శిబిరం ఏర్పడింది. తరువాత అక్కడికి తెచ్చిన మేకలు మందలుగా పెరిగి మొలకలను మేసేశాయి. మొలక లేనిదే రేపటి పెద్ద చెట్టు లేదు, తొర్రా లేదు. అందుకే ఆ మేకలను దీవి నుండి తొలగించే పని చేపట్టారు. మన ఇంటికి ఆస్తి అయిన మేకే అక్కడ అడవికి ముప్పయింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఈ పక్షి ఉంది. పోటీ పరీక్షలకు చదివే అన్నలూ, అక్కలూ గుర్తుంచుకోండి. వెయ్యి అనే సంఖ్య చూసి ధైర్యపడకండి. ఆ వెయ్యీ ఒకే చోట ఉన్నాయి. ఒక్క తుఫాను, ఒక్క రోగం, మన ఒక్క పొరపాటు చాలు, ఆ వెయ్యికీ ఒకేసారి ఆపద వస్తుంది.