చిన్నాకి, పాఠకుల చిరునామాల గురించి

తెనాలి

చిరంజీవి చిన్నాకి మేనత్త దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ఫోన్లో చెప్పలేక కాగితం మీద పెట్టావంటేనే నీ మనసు ఎంత నలుగుతోందో అర్థమైంది. మొన్న మీ నాన్న కూడా ఫోను చేసి, "అక్కాయ్, వీడు రాత్రి రెండింటి దాకా ఫోన్లో ఏవో అంకెలు చూసుకుంటూ కూర్చుంటున్నాడు" అన్నాడు. ఏమైనా అప్పులు చేశావేమోనని వాడి బెంగ. అవి అప్పుల లెక్కలు కావని, నీ కథకి ఎంతమంది లైకు కొట్టారు, ఎంతమంది కొత్తగా ఫాలో అయ్యారు అన్న లెక్కలని వాడికి చెప్పి ధైర్యం చెప్పాను. నాకు మాత్రం ధైర్యం చిక్కలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ కంపెనీ సంగతి. నెలకింత కడితే వేలకొద్దీ ఫాలోవర్లని తెప్పిస్తాం, రోజుకో రీలు చేయిస్తాం, పుస్తకం వచ్చేనాటికి నిన్ను పేరున్న రచయితని చేస్తాం అన్నారని రాశావు. కట్టొద్దు నాయనా. ఇప్పటికే కట్టి ఉంటే అది పోతే పోయింది, రెండో నెల కట్టకు. అలా కొనుక్కున్న పేర్ల వెనక మనుషులుండరు, ఉన్నా తెలుగు చదివేవాళ్ళు ఉండరు. ఫేస్‌బుక్ నువ్వు పెట్టింది అందరికీ చూపించదని, ఎవరు పట్టించుకుంటారని తోస్తే వాళ్ళకే ముందు చూపిస్తుందని వేసవిలో నువ్వే కదా నాకు చెప్పావు! మరి చదవనివాళ్ళని తెచ్చి నింపుకుంటే, చదివేవాళ్ళ దాకా నీ కథ వెళ్ళేదెలా?

మొహం చూపిస్తూ మాట్లాడటం ఇష్టం లేదు, అయినా తప్పదంటున్నారని కూడా రాశావు. ఎందుకు తప్పదు? మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి సీరియల్ కోసం వారపత్రిక ఎప్పుడొస్తుందా అని జనం ఎదురుచూసిన రోజుల్లో, ఆయన ఎలా ఉంటారో పాఠకులకి తెలియదు. ఏళ్ళ తరబడి ఆయన తన ఫొటో బయటికి రానివ్వలేదు. నీకు చదివి వినిపించడం చిన్నప్పట్నుంచీ వచ్చు. మా అమ్మకి చివరి రోజుల్లో నువ్వు చదివి వినిపించినవి నాకింకా చెవుల్లో ఉన్నాయి. నీ కథ నువ్వే చదివి, ఆ గొంతు పెట్టు. అది చాలు. రాత్రి మాత్రం పదకొండింటికల్లా పడుకోరా. మన ఇంట్లో కళ్ళ సంగతి నీకు తెలియంది కాదు.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్నది. నీ పాఠకుల చిరునామాలు నీ దగ్గర ఉన్నాయా?

ఇన్ని వేలమంది ఉన్నారని అంకె రాశావు గానీ, వాళ్ళలో ఒక్కరి ఊరూ రాయలేదు. రేపు ఆ పేజీ పోతే నీ పుస్తకం వచ్చిందని ఎవరికి కబురు పెడతావు? పోదనుకోకు. ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. మనవాళ్ళు ఛందస్సు మీదా కథల మీదా రోజుల తరబడి వాదించుకున్న యాహూ గ్రూపులు 2020లో పోయాయి. అదే ఏడాది జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ని మన దేశంలో నిషేధిస్తే, మన పల్లెటూళ్ళ పిల్లలు ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న మనుషులందరినీ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. బేరం ఎంత బాగా సాగుతున్నా, ఎవరి అరుగు మీదో పెట్టుకున్న కొట్టు అది.

పత్రికలూ అంతే. నాగేశ్వరరావు పంతులుగారు 1924లో పెట్టిన భారతి అంతటిదే 1991లో ఆగిపోయింది. నేను రాసే వారపత్రిక ఆగిపోయినప్పుడు మాకెవరికీ ముందు ఒక ముక్క చెప్పలేదు. ఆ వారం కొట్లోకి రాలేదు, అంతే. దానితోపాటే నా కథలు చదివేవాళ్ళూ నాకు లేకుండా పోవాలి. పోలేదంటే అది మీ మామయ్య చలవ.

మామయ్య పద్ధతి నీకు తెలుసుగా. పోస్టాఫీసు ఉద్యోగంలో సగం చిరునామాలతో వచ్చే ఉత్తరాల్ని చూసి చూసి ఆయనకి అదొక పట్టుదల అయింది. పత్రికాఫీసు వాళ్ళు పాఠకుల ఉత్తరాలన్నీ ఒక కవర్లో పెట్టి నాకు పంపేవాళ్ళు. నేను చదువుకుని మురిసిపోయి బీరువాలో పడేస్తుంటే ఆయన ఊరుకునేవారు కాదు. పాత లెడ్జరొకటి తెచ్చి, గీతలు గీసి ఇచ్చారు: పేరు, ఇంటి నంబరు, ఊరు, తాలూకా, పిన్‌కోడు. పిన్‌కోడ్లు 1972లో వచ్చాయి, చాలామంది రాసేవాళ్ళు కాదు, అది ఆయనే వెతికి నింపేవారు. ఆ పక్కన నేను, ఏ కథ చదివి రాశారో, ఏం రాశారో ఒక ముక్క. ప్రతి ఉత్తరానికీ కార్డు ముక్క జవాబు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారు ప్రమదావనం శీర్షికలో దశాబ్దాల పాటు ఎవరో తెలియని ఆడవాళ్ళకి ఓపిగ్గా జవాబులు చెప్పారు. నాకు ఆవిడే ఆదర్శం.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. పేపర్లో ఆ ఊళ్ళ పేర్లు చూస్తుంటే ఎక్కడో రాసిన పేర్లలా తోచి, లెడ్జరు తీశాను. అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి నాకు రాసినవాళ్ళున్నారు. అందరికీ కార్డులు రాశాను. కొందరి దగ్గర్నుంచి జవాబులొచ్చాయి, కొందరి దగ్గర్నుంచి రాలేదు. నా కథలో కూతురు పెళ్ళి ఆగిపోవడం తనకి నచ్చలేదని పోట్లాడుతూ రాసిన ఒకావిడ జవాబు రాలేదు. ఆ పేజీ నేనిప్పటికీ తీసి చూస్తాను. ఆవిడ ఎవరో నాకు తెలుసు కనకే కదా, ఆవిడ కోసం ఏడవగలిగాను! నువ్వు చూసుకుంటున్న అంకెల్లోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు చిన్నా. వాళ్ళ పేరు కనుక్కో, ఊరు కనుక్కో.

పత్రిక ఆగిపోయాక నా మొదటి సంపుటి అచ్చయితే, ఆ లెడ్జరు ముందు పెట్టుకుని కార్డులు రాశాం. అడిగినవాళ్ళకి పుస్తకం పోస్టులో పంపించాం. బోధన్‌లో ఒక టీచరమ్మ తన స్కూల్లో వాళ్ళందరి పేరునా తెప్పించుకుని, డబ్బు మనియార్డరు చేసి, కూపన్ మీద నా కథలో బడిగంట ఎక్కడ తప్పు మోగిందో రాసింది. ఆ తప్పు రెండో ముద్రణలో దిద్దాను.

నువ్వు లెడ్జరు రాయనక్కర్లేదు. నీకు ఈమెయిలుంది. నెలకొక్కసారి ఒక ఉత్తరం, అందులో ఒక చిన్న కథో, రాస్తున్నదాని సంగతో పంపుతానని చెప్పు. ఇష్టమున్నవాళ్ళు మెయిల్ ఇస్తారు. వందమంది ఇచ్చినా ఆ జాబితా నీ సొంతం, ఎవడూ మూసెయ్యలేడు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక జాబితాకి 256 మందే పడతారు, పైగా నీ నంబరు దాచుకున్నవాళ్ళకే చేరుతుంది. నువ్వు చెప్పిన వాట్సాప్ ఛానెల్లో చేరినవాళ్ళ నంబర్లు నీకు కనపడవు. ఏది వాడినా పేర్లు మాత్రం విడిగా ఒక చోట రాసి పెట్టుకో. వ్యాఖ్య రాసినవాళ్ళకి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు, రెండు వాక్యాలు రాయి. వాళ్ళు అడగకుండా రోజూ ఏదో ఒకటి పంపి విసిగించకు.

నీ కథలకి ఒక సొంత చోటు కూడా ఉండాలి, చిన్న బ్లాగైనా సరే. 1998లో అమెరికాలో ఉన్న మనవాళ్ళు మొదలుపెట్టిన ఈమాట చూడు. తొలినాటి సంచికలు ఇవాళ్టికీ తెరిచి చదువుకోవచ్చు. ఎప్పుడో పెట్టిన పోస్టు ఫేస్‌బుక్‌లో వెతుక్కోవడం నీకే కష్టం కదా. ఇంకొకటి, కవితల్ని పూలబొమ్మ మీద అచ్చేసి పెట్టడం మానెయ్యి. బొమ్మలో ఉన్న అక్షరాన్ని పేరు గుర్తుపెట్టుకుని వెతికేవాళ్ళు పట్టుకోలేరు, చూపు లేనివాళ్ళ ఫోను సరిగ్గా చదివి వినిపించలేదు. మామూలుగా యూనికోడ్‌లో టైపు చేసి పెట్టు. అను ఫాంట్లలో ఉన్న నీ పాత కథలు కూడా యూనికోడ్‌లోకి మార్చుకో.

అన్నీ ఫేస్‌బుక్‌లో పొయ్యకు. పత్రికలు చాలావరకు ఎక్కడా రాని కథే అడుగుతాయి. మేం "ఈ కథ నా సొంతం, దేనికీ అనుకరణ కాదు" అని హామీపత్రం రాసి, తిరుగు కవరుకి స్టాంపులంటించి పంపి, నెలల తరబడి గుమ్మం వైపు చూసేవాళ్ళం. ఇప్పుడు ఆ హామీలో బ్లాగు, ఫేస్‌బుక్ కూడా చేరాయి. మంచి కథని ముందు ఎడిటర్‌కి పంపు. తిప్పి పంపితే దిద్దుకో. దిద్దేవాళ్ళు దొరకడం ఎంత అదృష్టమో లైకులిచ్చేవాళ్ళ మధ్య నీకు తెలియడం లేదు.

నీ కథని ఎవరో యూట్యూబులో పేరు చెప్పకుండా చదివేశారని బాధపడ్డావు. నాకూ ఒళ్ళు మండింది. ముందు మర్యాదగా రాయి, పేరు పెట్టమనో తీసెయ్యమనో. వినకపోతే కాపీరైటు ఫిర్యాదు చెయ్యి. రాసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్టరు చేయించాలన్న నియమం లేదు. ఆడియో వాళ్ళు ఒప్పందం పంపితే సంతకం పెట్టేముందు గడువు చూడు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు, దేశం పేరు రాయకపోతే ఇండియాకే ఇచ్చినట్టు. వాళ్ళు 'శాశ్వతంగా' అని రాస్తే కొట్టెయ్యమను. ఆ కాగితాలు ముందు నాకు చూపించు, ఒక్కడివే కూర్చుని సంతకాలు పెట్టకు.

నీ ఎర్రచెరువు కథ మళ్ళీ చదివాను. ఆ ముసలాయన మాట్లాడకుండా కండువా దులుపుకునే చోట ఆగిపోయాను. అలాంటి చోటు రాసినవాడికి అంకెల కోసం నిద్ర పాడుచేసుకునే ఖర్మేమిట్రా?

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి నీ పుస్తకం వస్తే ముందుగా చెప్పు. నీ పబ్లిషరు స్టాలులో ఒక కుర్చీ అడుగు. పెన్నూ, గీతలు గీసిన నోటుబుక్కూ నేను తెస్తాను. కొన్నవాళ్ళ పేరు, ఊరు, మెయిలు నేను రాస్తుంటాను, నువ్వు సంతకాలు చేద్దువుగాని. రాత్రికి తెనాలి వచ్చేద్దాం, పెరుగన్నం తిని పడుకుందువు. మీ నాన్నని కూడా రమ్మను.

ఆశీస్సులతో,
మేనత్త