చిన్న పెట్టుబడి – పెద్ద సంకల్పం

పల్నాటి సీమ వీరగాథలకు నెలవు. పిడుగురాళ్లకు సమీపాన ఉన్న కారంపూడిలో నేటికీ ఏటా వీరారాధనోత్సవాలు జరుగుతాయి. పండితుల మెప్పు కోసం ‘శృంగార నైషధం’ రచించిన శ్రీనాథుడే, పల్నాటి వీరుల కథకు మాత్రం సామాన్యులు పాడుకొనే ద్విపదను ఎన్నుకొన్నాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ ఆ గాథనే బుర్రకథగా ప్రజలకు వినిపించారు. వీరుని కథ సామాన్యునికి చేరాలంటే దాని రూపం కూడా సామాన్యునికి అందుబాటులో ఉండాలి. ఈ సూత్రాన్ని వెండితెరపై ఆచరించిన నట దర్శకుడు ఆర్. నారాయణమూర్తి.

తూర్పు గోదావరి జిల్లా (2022 నుండి కాకినాడ జిల్లా) రౌతులపూడి మండలంలోని మల్లంపేట ఆయన స్వగ్రామం. రైతు కుటుంబంలో పుట్టిన ఆయన ఇంటర్మీడియట్ ముగియగానే నటనపై మక్కువతో మద్రాసు చేరారు. ‘నేరము – శిక్ష’ (1973) చిత్రంలో గుంపులో ఒకడిగా కనిపించే అవకాశం మాత్రమే లభించింది. ముందు చదువు పూర్తిచేయమని దాసరి నారాయణరావు హితవు చెప్పగా, తిరిగి వచ్చి బి.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. అనంతరం దాసరి దర్శకత్వంలోని ‘నీడ’ (1979) ఆయనకు నటుడిగా గుర్తింపు తెచ్చింది.

అయితే అవకాశాల కోసం నిరీక్షించడం ఆయనకు సరిపడలేదు. ప్రకాశం జిల్లాకు చెందిన మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్ర మల్లెలు’ (1981) చిత్రాలతో అప్పటికే అభ్యుదయ చిత్రాలకు బాట వేసి ఉన్నారు. నారాయణమూర్తి మిత్రుల తోడ్పాటుతో స్నేహచిత్ర పిక్చర్స్ సంస్థను నెలకొల్పి, 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రంతో దర్శకుడయ్యారు.

పెట్టుబడి స్వల్పం కావడంతో పెద్ద తారలు లేరు, ఖరీదైన సెట్టింగులు లేవు. కథానాయకుడు, దర్శకుడు, నిర్మాత ఒక్కరే. పల్లెలు, పొలాలు, అడవులే రంగస్థలాలు. వంగపండు ప్రసాదరావు, గద్దర్ వంటి ప్రజాకవుల పాటలే ఆ చిత్రాలకు ఆభరణాలు. లేమి కారణంగా ఏర్పడిన ఈ నిరాడంబరతే క్రమంగా ఆయన శైలిగా స్థిరపడింది.

సాధారణ పోరాట చిత్రాలలో కథానాయకుడు ఒంటరిగా వందమందిని జయిస్తాడు. నారాయణమూర్తి చిత్రాలలోనూ పోరాటాలున్నాయి, ఆవేశపూరిత సంభాషణలున్నాయి. కాని అక్కడ తిరగబడేది సమూహం. ‘ఎర్ర సైన్యం’ (1994), ‘చీమల దండు’ (1995) అన్న పేర్లే ఈ సంగతిని చాటుతున్నాయి. బలమైన సర్పం సైతం చీమల గుంపునకు లోబడుతుందన్న శతక నీతి రెండవ పేరులో స్ఫురిస్తుంది. సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రాన్ని కదిలించిన కాలంలో ‘దండోరా’ (1993) వెలువడింది. ‘ఎర్ర సైన్యం’ ఘనవిజయం సాధించింది.

కాలక్రమాన ప్రేక్షకుల అభిరుచి మారింది. ఒకే తరహా కథలు, ఉపన్యాస ధోరణి సంభాషణలు అన్న విమర్శలు వచ్చాయి. వాటిలో నిజం లేకపోలేదు. ఆదరణ తగ్గినా ఆయన తన దారి విడువలేదు. ‘టెంపర్’ (2015) చిత్రంలో ముఖ్యపాత్రకు పిలుపు వచ్చినా అంగీకరించలేదు. రైతుల వెతలపై ‘అన్నదాత సుఖీభవ’ (2017), ‘రైతన్న’ (2021) నిర్మించారు. పత్తికి, మిరపకు గిట్టుబాటు ధర కోసం ఎదురుచూసే పల్నాటి రైతుకు ఆ కథలు పరాయివి కావు.

భాగవతాన్ని రాజులకు అంకితమివ్వని పోతన కథ తెలుగువారందరికీ తెలిసినదే. నేటి కళాకారునికి రాజాస్థానాలు లేవు, సంపద చూపే ఆకర్షణ మాత్రం ఉంది. దానికి లొంగకుండా నిలవడం సులభం కాదు. నిలిచినవారికి ప్రతిసారీ విజయం దక్కుతుందనీ చెప్పలేము. విజయం దక్కనప్పుడు కూడా తాను నమ్మిన మాటనే చెప్పగలగడం కళాకారుని నిజమైన పరీక్ష. నారాయణమూర్తి జీవితం విద్యార్థులకు తెలిపే సత్యమిదే.

ప్రశ్నలు

1. వీరగాథకు ద్విపద, బుర్రకథ రూపాలు ఎందుకు అనువైనవో తెలపండి.
2. స్వల్ప పెట్టుబడి నారాయణమూర్తి చిత్రశైలిని ఎట్లు తీర్చిదిద్దింది?
3. ఆదరణ తగ్గినప్పుడు కళాకారుడు మారాలా, నిలవాలా? మీ అభిప్రాయాన్ని సకారణంగా వ్రాయండి.