చివరి బెంచీ, రాజుగారి బల్ల



సమూవేలు రెండవ గ్రంథం 9వ అధ్యాయాన్ని ఈ వారం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. యోనాతాను కుమారుడు మెఫీబోషెతుకు ఐదేండ్ల వయసులో, దాది ఎత్తుకొని పారిపోతుండగా క్రిందపడి, రెండు కాళ్లూ పోయాయి. దావీదు తన స్నేహితుని తలచుకొని అతనిని పిలిపించి, ప్రతిదినం తన బల్లవద్దనే భోజనానికి కూర్చుండబెట్టుకున్నాడు. గమనించండి, అతని కాళ్లు బాగుపడలేదు. అధ్యాయం చివరి మాట కూడ అతని కుంటితనం గురించే. అయినా అతని చోటు అతనిదే.

మరి మన బడులలో?

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో 1991లో పుట్టుకతో అంధుడైన బొల్లా శ్రీకాంత్ కథ చాలామందికి తెలుసు. ఊరి బడిలో తనను చివరి బెంచీలో కూర్చోబెట్టారని, తనతో మాట్లాడేవారే లేరని ఆయనే చెప్పారు. తరువాత హైదరాబాదు అంధుల పాఠశాలలో చదివారు. ఇంటర్‌లో సైన్సు చదవనీయకపోతే కోర్టుకు వెళ్లి గెలిచి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరారు. ఈ విజయం చెప్పి చప్పట్లు కొట్టడం తేలిక. నన్ను బాధపెట్టేది ఆ బెంచీ. శ్రీకాంత్ అంత తెలివి లేని బిడ్డ అదే బెంచీలో కూర్చుంటే, వానిగురించి ఎవరు వ్రాస్తారు?

2016 చట్టం ప్రకారం 6 నుండి 18 ఏండ్ల వరకు వికలాంగ బాలలకు దగ్గరలోని బడిలో గాని, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకొనే హక్కు ఉంది. ప్రభుత్వ కాగితాల మీద ఇప్పుడు ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటున్నారు. పేరు మారినందుకు సంతోషమే! కాని చట్టం బెంచీ ఇవ్వగలదు, ప్రక్కన కూర్చునేవానిని ఇవ్వలేదు. ఆ పని మన పిల్లలది, అంటే మనది.

గరివిడిలాంటి ఊరికి చుట్టుప్రక్కల పల్లెలనుండి పిల్లలు ఆటోలలో బడికి వస్తారు. కాలు సరిగాలేని పిల్ల చివరన ఎక్కవలసి వస్తుందా? మీ అబ్బాయిని అడగండి. మధ్యాహ్నం ఆమె ఎవరితో అన్నం తింటుంది? క్రికెట్ ఆడేటప్పుడు చేయి లేని కుర్రవానికి పరుగులు లెక్కపెట్టే పని మాత్రమే ఇస్తున్నారా? బ్యాటు వానికిచ్చి, బదులు పరుగెత్తడానికి ఒకరిని పెట్టుకోవచ్చు గదా. పిల్లలు ఇలాంటి నియమాలు మనకంటే త్వరగా కనిపెడతారు.

‘గుడ్డోడు’, ‘మూగది’ అనే పేర్లు బడిలో పుట్టవు. మన అరుగులమీద పుట్టి, పుస్తకాల సంచిలో బడికి వెళతాయి. జాలిమాటలు కూడ అంతే. ‘పాపం’ అంటూ బిస్కట్టు ఇచ్చేవాడు మిత్రుడు కాడు. తగవులాడి, మరునాడు మళ్లీ పిలిచేవాడు మిత్రుడు.

విచారణలో మన సంగతి కూడ చూసుకోవాలి. వికలాంగులకు దివ్యసంస్కారాలు నిరాకరించరాదని 2020లో రోము వెలువరించిన జ్ఞానోపదేశ మార్గదర్శిని స్పష్టం చేసింది. బుద్ధిమాంద్యమున్న బిడ్డను, ‘అల్లరి చేస్తాడు’ అని తల్లి ఇంటిలోనే ఉంచుకొని ఆదివారం పూజకు ఒక్కతే వస్తున్నదేమో కనుక్కోండి. కఫర్నాములో నలుగురు మోసుకొచ్చారు (మార్కు 2). వచ్చే ఆదివారం ఆ ఇంటికి ముందుగా వెళ్లి, ఆ తల్లితో కలిసి బిడ్డను తీసుకురావడానికి మీ వీధిలో ఎవరు సిద్ధంగా ఉన్నారు?