రంగస్థల పద్యము – రికార్డు: ఒక శ్రవణ పాఠము

పాఠశాలలో మనము పద్యమును కంటితో చదువుదుము. అక్షరములను లెక్కించి, గణములను గుర్తించి, యతిప్రాసలను చూపి, తాత్పర్యము వ్రాయుదుము. ఇది అవసరమైన పనియే. కాని తెలుగుదేశమున లక్షలాది జనులు, బడికి పోనివారు సైతము, పద్యమును నేర్చినది కంటితో కాదు, చెవితో. వారికి పాఠశాల నాటకశాలయే. నాటకము ఆడని దినములలో ఆ పనిని గ్రామఫోను రికార్డు చేసినది. నాటకమునందలి పద్యములను దాని నుండి వేరుచేసి, ఒక గాయకుడు ఒంటరిగా పాడి రికార్డుగా నిచ్చినప్పుడు ఆ పద్యమునకు ఏమి కలుగును? ఏది మిగులును? ఏది పోవును? ఈ పాఠమున దీనినే విచారింతము.

పాట రంగస్థలమునకు వచ్చిన విధము

తెలుగు నాటక సంగీతమునకును కన్నడ దేశమునకును ఉన్న సంబంధము మన రాయచూరు విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము వారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చిరి. వారి ప్రదర్శనములు చూచిన కందుకూరి వీరేశలింగము పంతులు తాను వ్రాసిన నాటకములను విద్యార్థులచేత ఆడించెను. ఆ సమాజముల వెంట హిందూస్థానీ బాణీలు తెలుగు రంగస్థలమునకు చేరెను.

మన పొరుగు పట్టణమైన బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) న్యాయవాదిగా నుండి నాటకములు రచించెను. ఆయనకు ఆంధ్రనాటక పితామహుడని పేరు. పాత్రలచేత పద్యములను పాటలను రాగయుక్తముగా పాడించుట ఆయన నాటకములలో ముఖ్య లక్షణము. ఆయన మేనల్లుడగు బళ్లారి రాఘవ (1880–1946) మహానటుడు. అయితే మేనమామ తెరచిన త్రోవను మేనల్లుడు ప్రశ్నించెను. నటుడు దుఃఖములో ఉండి దీర్ఘముగా రాగము తీసినచో ఆ దుఃఖమును ఎవరు నమ్ముదురు? మాటలో భావము పలుకవలెను గాని రాగములో కొట్టుకొనిపోరాదని రాఘవ పక్షము.

ఈ వివాదము నేటికిని సజీవముగా నున్నది. ప్రేక్షకులు పద్యము నచ్చినచో ‘వన్స్ మోర్’ అని కేకలు వేయుదురు. చనిపోవుచున్న పాత్ర సైతము లేచి మరల పద్యమందుకొనును. ఇది రాఘవ పక్షమునకు బలము. కాని ఆ రాగము లేకున్నచో పద్యము పామరుని నోట నిలిచెడిదా? ఇది రెండవ పక్షమునకు బలము. రెండును సత్యములే అని మొదట గ్రహింపవలెను.

తిరుపతి వేంకట కవుల నాటకములు

దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) అను ఇద్దరు కవులు జంటగా కవిత్వము చెప్పిరి. భారతకథను వారు ఆరు నాటకములుగా రచించిరి: పాండవ జననము, పాండవ ప్రవాసము, పాండవ రాజసూయము, పాండవోద్యోగము, పాండవ విజయము, పాండవాశ్వమేధము. ఈ ఆరింటిలో ఉద్యోగ విజయములు మాత్రమే ఊరూర ఆడబడెను. అర్జున దుర్యోధనులు సహాయము కోరి ద్వారకకు వచ్చుట, శ్రీకృష్ణుడు రాయబారిగా హస్తినకు పోవుట మొదలగు ఘట్టములలోని పద్యములు అక్షరము రాని రైతుకు సైతము కంఠస్థములు. తక్కిన నాలుగు నాటకముల పద్యములను తెలిసినవారు అరుదు. ఒకే కవుల కలము నుండి వచ్చిన ఈ నాటకములకు ఇంత భేదమేల కలిగెను? వాదప్రతివాదములతో కూడిన ఘట్టములు నటునకు ఎక్కువ అవకాశమిచ్చును. నటుడు పాడినది జనుని నోటికెక్కును. జనుని నోట నున్న దానిని రికార్డు కంపెనీ కోరును. రికార్డుకెక్కినది మరింత వ్యాపించును. ప్రసిద్ధమైనది మరింత ప్రసిద్ధమగుట, మరుగుననున్నది మరింత మరుగుపడుట ఈ విధముగా జరుగును.

రికార్డు విధించిన నియమములు

నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, నాలుగు పాదములకు 80. రాగము లేక చదివినచో అర నిమిషమైనను పట్టదు. రంగస్థలముపై నటుడు రాగముతో దానిని ఎంతసేపైనను సాగదీయవచ్చును. రికార్డు అట్టి స్వేచ్ఛనీయదు. కావున గాయకుడు రాగమును కుదించి, మాటకు ఎక్కువ చోటీయవలసి వచ్చెను. రాఘవ వాదముతో సాధింపదలచిన దానిని కొంతవరకు లక్కబిళ్ల సాధించినది.

రెండవ నియమము మైకు. మైకు లేని కాలమున నటుని కంఠము పందిరి చివరనున్న వానికి వినబడవలెను. అందుచే పెద్ద శ్రుతి, గట్టి గొంతు అవసరమయ్యెను. 1925 తరువాత మైకుతో రికార్డు చేయు విద్యుత్పద్ధతి వచ్చుటతో గాయకుడు మెల్లగా పాడినను, నిట్టూర్చినను వినబడునట్లయ్యెను. 1948లో లాంగ్‌ప్లే రికార్డు వెలువడి, ఒక వైపుననే ఇరువది నిమిషములకు పైగా పాడుటకు వీలు కలిగెను.

ఒక కంఠము, అనేక పాత్రలు

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించెను. విజయనగర సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద శాస్త్రీయ సంగీతము నభ్యసించెను. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని బళ్లారిలోని అలీపురము జైలులో శిక్ష ననుభవించెను. తరువాత సినిమా నేపథ్యగాయకుడుగా, సంగీత దర్శకుడుగా ప్రసిద్ధికెక్కి, 1970లో పద్మశ్రీ పొంది, 1974 ఫిబ్రవరి 11న మరణించెను. సినిమాలకు సంబంధింపని ప్రత్యేక రికార్డులు కూడ ఆయన ఇచ్చెను. వానిలో పాండవోద్యోగ విజయముల పద్యములొక భాగము.

నాటకమున ఒక్కొక్క పద్యమును ఒక్కొక్క నటుడు పాడును. కిరీటము, గద, ఆసనము చూచియే ప్రేక్షకుడు పాత్రను గుర్తించును. రికార్డులో ఇవేవియు లేవు. ఉన్నది ఒకే కంఠము. శ్రీకృష్ణుని చాతుర్యము, దుర్యోధనుని అహంకారము వేరువేరుగా తెలియవలెనన్నచో మాటను పలుకు తీరులోనే తెలియవలెను. ఘంటసాల గానమున విశేషమిదియే: ప్రతి అక్షరము స్పష్టముగా వినబడును; పదము అర్థము తెగునట్లు విరువబడదు; రాగము పద్యమును మ్రింగదు.

వినవలసిన విధము

చంపకమాలలో పాదమునకు 21 అక్షరములు, యతి 11వ అక్షరము. శార్దూలమున 19, యతి 13వది. మత్తేభమున 20, యతి 14వది. ఉత్పలమాలలో యతి 10వ అక్షరము. ఈ పాఠము కొరకు కూర్చిన ఉత్పలమాల పాదమొకటి చూడుడు:

కృష్ణ తరంగిణీ తటిని కీర్తిని గాంచిన పల్లెలందిటన్

కృష్ణానది యొడ్డున పేరు పొందిన ఈ పల్లెలలో అని దీని భావము. మొదటి అక్షరము ‘కృ’, పదవ అక్షరము ‘కీ’. ఇవి యతిమైత్రి గలవి. ‘తటిని’ అనునప్పుడు గాయకుడు లిప్తపాటు ఆగి ‘కీర్తిని’ అని ఎత్తుకొనినచో అర్థమును, యతియు రెండును చెవికి తెలియును. ‘తటిని కీ’ అని రాగము తీసి, ‘ర్తిని’ అని అందుకొనినచో రెండును చెడును. ఛందస్సు పుస్తకమున గీతలు గీసి నేర్చు విషయమును మంచి గాయకుడు ఒక్క ఊపిరిలో నేర్పును. అయితే ప్రతి పద్యమునను యతిస్థానమున పదము విరుగదు. కొన్నిచోట్ల పదము యతిని దాటి పోవును. అట్టిచోట అర్థమునే అనుసరింపవలెను.

పద్యమును మూడుమారులు వినవలెను. మొదటిమారు పుస్తకము లేకుండ, మాట ఎంత తెలిసినదో గమనించుటకు. రెండవమారు పుస్తకముతో, ఆగిన చోట్లను గుర్తించుటకు. మూడవమారు పుస్తకము మూసి, పాత్ర మనస్సును గ్రహించుటకు.

తెలిసినవి, తెలియనివి

ఈ సమస్య తెలుగువారికి మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ (1917–1996) అను గాయని, కోల్ పోర్టర్ నాటకములకును సినిమాలకును వ్రాసిన పాటలను 1956లో రెండు లాంగ్‌ప్లే రికార్డులపై 32 పాటల సంపుటిగా వెలువరించెను. అందరెరిగిన పాటల ప్రక్కన అంతగా ఎరుగని వానిని కూడ చేర్చుటచే, నాటకములు చూడనివారికి సైతము అవి అందెను. కర్ణాటకమున గుబ్బి వీరణ్ణగారి మనుమరాలు బి. జయశ్రీ కంపెనీ నాటకముల రంగగీతములను కచేరీలలో పాడి వానికి కొత్త శ్రోతలను కల్పించినది. ఏకగాయకుని సంపుటికి గల గొప్ప ప్రయోజనమిదియే: కంపెనీ మూతపడినను, తెర చినిగినను, పాట నిలుచును.

అయితే నష్టమును కూడ చెప్పవలెను. నాటక పద్యము ఎదుటివాని మాటకు సమాధానము. ప్రశ్నను తీసివేసి సమాధానమును మాత్రమే వినిపించినచో దాని పదును కొంత తగ్గును. మరియు, ఒక మహాగాయకుని బాణీ వ్యాపించిన పిమ్మట ఊరూర నున్న వేర్వేరు బాణీలు నశించును. అచ్చు పుస్తకమున పద్యముండును గాని బాణీ ఉండదు. రికార్డుకెక్కని బాణీకి దానిని పాడిన వాని కంఠము తప్ప వేరు నిలయము లేదు. ఆ కంఠముతో అదియు పోవును.

మన కర్తవ్యము

మన జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, ఆ సంవత్సరము నవంబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమునకే 1973లో కర్ణాటకమని పేరు కలిగినది. ఇచ్చటి తెలుగువారిలో తరతరములుగా నున్నవారు కలరు. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన కోస్తా రైతుల సంతతివారును కలరు. వీధిలో కన్నడము, ఇంట తెలుగు మాటలాడు బాలునకు పుస్తక భాష దూరముగా తోచుట సహజము. ఆ దూరమును తగ్గించుటకు పద్యము వినుట మంచి ఉపాయము. ఉచ్చారణయు, ఒత్తులును, దీర్ఘములును చెవి ద్వారా తిన్నగా నాలుకకు చేరును. వినుట మరచిన చోట భాష మొదట నాలుకను, పిమ్మట పుస్తకమును విడుచును.

అభ్యాసము

1. మీ ఇంట లేక ఊర పద్యములు పాడగల పెద్దలున్నచో వారిని అడిగి, మీరు పాఠ్యపుస్తకమున చదువని పద్యమునొకదానిని వ్రాసికొనుడు. పాత్ర పేరు, నాటకము పేరు, వారు నేర్చిన ఊరు తప్పక వ్రాయవలెను.
2. వారి అనుమతితో ఆ పద్యమును ఫోనులో రికార్డు చేసి పాఠశాలలో భద్రపరచుడు.
3. అదే పద్యమును ఇద్దరు పాడగా విని, ఎవరు ఎచ్చట ఆగిరో, ఎవరి గానమున అర్థము తేటపడెనో పోల్చుడు.
4. మీ కన్నడ మిత్రుని ఒక రంగగీతము పాడుమని కోరుడు. దానిలోను, తెలుగు పద్యములోను సమానముగా తోచిన రాగమున్నచో ఉపాధ్యాయునకు వినిపింపుడు.